అద్దవద్దు

తెనాలిలో కాలువ గట్టుకు ఆనుకుని ఉన్న ఆ రేకుల షెడ్డులోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా ముందు దండెం వంక చూసి నవ్వేవాళ్లు. ఆ దండెం మీద బట్టలుండవు. కాగితం ముక్కలుంటాయి. ఒక్కో ముక్క మీద ఒకటే మాట, ‘క్షేమం’ అని. కింద తారీఖు.

అది ఒకప్పుడు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన సీతారామాంజనేయులు గారి సిరా కార్ఖానా. కార్ఖానా అనడం మరీ పెద్ద మాట. రెండు మట్టిపొయ్యిలు, నాలుగు జాడీలు, సీసాలు కడిగే తొట్టి, ఇద్దరు ఆడమనుషులు. కరక్కాయ పెచ్చుల కషాయంలో అన్నభేది, తుమ్మబంక కలిపి ఆయన తయారుచేసే సిరాకి ‘నల్లకలువ’ అని పేరు. కొత్త జాడీ దించినప్పుడల్లా ఒక ముక్క రాసి దండేనికి తగిలించడం ఆయన భార్య వసుంధర పెట్టిన అలవాటు. ఆ మాటే ఎందుకని అడిగితే, "క్ష రాస్తే పాళీ గుట్టూ సిరా గుట్టూ రెండూ బయటపడతాయండీ" అనేది. ఆవిడ పోయి మూడేళ్లయింది. రాసే చెయ్యి మారింది గాని మాట మారలేదు. ఇంట్లో ఆయనొక్కడే. పలకరించే గోడ కూడా లేదు. షెడ్డులో మాత్రం, కాలువ మీంచి గాలి తిరిగినప్పుడల్లా పాతిక క్షేమాలు ఒక్కసారిగా రెపరెపలాడేవి.

అరవై ఏడు జూన్ నెల వచ్చేసరికి ఆ సిరాకి పెద్ద చిక్కు వచ్చిపడింది.

నల్లకలువ స్వభావం ఏమిటంటే, రాసినప్పుడు పలచగా ఉంటుంది. గాలి తగిలి, కాగితంలోకి ఇంకి, మూడో రోజుకి కాటుకలా నల్లబడుతుంది. ఆ నలుపు ఇక నీళ్లకీ పోదు, ఏళ్లకీ పోదు. రాసేటప్పుడు కంటికి ఆనడానికి చిటికెడు నీలిరంగు కలిపేవారు. ఆ రంగు పైదేశాల సరుకు. కిందటేడు రూపాయి విలువ తగ్గించినప్పటినుంచి దాని ధర కొండెక్కింది, దిగుమతికి పర్మిట్టు కావాలన్నారు. పెద్ద కంపెనీలకి పర్మిట్లు వచ్చాయి. ఆంజనేయులు గారికి మాత్రం ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది’ అని కార్డులు వచ్చాయి, నాలుగు. ఆఖరికి రంగు లేకుండానే కాచారు. సిరాలో లోపం లేదు. మూడు రోజులు ఓపిక పట్టాలి, అంతే. కాని సిరా కొనుక్కునేవాడు మూడు రోజులు ఎందుకు ఓపిక పడతాడు? పిల్లలు ‘నీళ్ల సిరా’ అని పేరు పెట్టారు. కొట్లవాళ్లు సీసాలు తిప్పి పంపారు.

"ఏం బాబూ, మళ్లీ తిరిగొచ్చినయ్యా?" అంది నాగమ్మ, రిక్షాలోంచి దిగుతున్న పెట్టె చూసి. ఆవిడకి యాభై దాటాయి. సీసాలు కడిగీ కడిగీ చేతివేళ్లు ఎప్పుడూ నానినట్టే ఉంటాయి.

"తిరిగొచ్చినయ్ నాగమ్మా."

"ఆడపిల్లలా పుట్టింటిమీద బెంగ పెట్టుకున్నయ్యి, పాపం."

సీసాలకి చీటీలు అంటిస్తున్న సారా కిసుక్కున నవ్వింది. సారాకి ముప్పై ఉంటాయి, నందివెలుగు నుంచి నడిచి వస్తుంది. ఆంజనేయులు గారూ నవ్వారు. ఆ రోజుకి ఆయన నవ్విన నవ్వు అదొక్కటే, అది ఆయనకీ తెలుసు.

ఇక మిగిలిన ఆశ ఒక్కటే. రేపల్లెలో ఒక సహకార సంఘం ఉంది. జులై ఒకటిన అక్కడ కొత్త లెక్కల పుస్తకాలు తెరుస్తారు. ఏడాది పొడుగునా సిరా కావాలి, చుట్టుపట్ల పది ఊళ్లలో శాఖలు కూడానూ. ఆ ఆర్డరు వస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే తాళం వేసి తాను బాపట్ల వెళ్లిపోవాలి. అక్కడ వసుంధర తమ్ముడు పాండురంగ తన కాలేజీ లేబరేటరీలో బావగారికి ఒక ఉద్యోగం మాట్లాడి ఉంచాడు. నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పాలి. ఆంజనేయులు గారికి ఏదో ఒక నీడ దొరుకుతుంది. నాగమ్మకీ సారాకీ దొరకదు. పెద్ద కంపెనీల వాళ్లకి వాళ్లతో పని లేదు. మందుల షాపు కాంపౌండరు దగ్గర పాత సీసాలు ఏరుకొచ్చే ముసలాయనకీ, చీటీలు అచ్చువేసే ప్రెస్సుకీ కూడా ఎంతో కొంత వెలితి పడుతుంది. చిన్న షెడ్డే గాని దాని వేళ్లు ఎక్కడెక్కడికో పోయాయి.

పన్నెండు సీసాలు పెట్టెలో సర్దుకుని ఆంజనేయులు గారు రేపల్లె బండి ఎక్కారు.

సంఘం సెక్రటరీ దశరథరామయ్య నిండు మనిషి. ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, ఆ తరవాత గాని మాట మొదలెట్టడు. సీసా మూత తీసి వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఏంటండీ ఇది? సిరా అన్నారు, బియ్యం కడుగులా ఉంది!"

"మూడు రోజుల్లో నల్లబడుతుందండి. ఒకసారి నల్లబడ్డదంటే మీ మనవలు కూడా చదువుకోవచ్చు."

"మనవల సంగతి సరేనండి, ముందు నేను చదవాలిగా. చిన్న పరిశ్రమల్ని ప్రోత్సహించండని మాకూ సర్క్యులర్ వచ్చింది. కాని ఆ సర్క్యులర్‌ని మీ సిరాతో రాసి పంపితే, తెల్లకాగితం వచ్చిందని చింపి పారేద్దుం!"

పక్కబల్ల దగ్గరున్న గుమాస్తా యలమంద పళ్లికిలించాడు. ఆంజనేయులు గారికి కోపం రాలేదు. మాటలో విషం లేదని ఆయనకి తెలిసిపోయింది.

"ఒక పేజీ రాయించి చూడండి. మూడో నాటికి నల్లబడకపోతే నా సీసాలు నేనే మోసుకుపోతాను."

"అట్లా అన్నారు, బావుంది. యలమందా, కానీ!"

యలమంద ముప్పై ఏళ్లుగా గుమాస్తా. కుడిచేతిలో కలం, ఎడంచేతిలో అద్దుడు కాగితం, అదే బ్లాటింగు పేపరు, బిగించిన ఉయ్యాలబద్ద లాంటి వంపుచెక్క. ఒక వరస రాయడం, దానిమీద చెక్క దొర్లించడం. మళ్లీ ఒక వరస, మళ్లీ ఒక దొర్లింపు. మగ్గం మీద నాడె ఆడినట్టు ఆడుతున్నాయి రెండు చేతులూ. ఆ పనితనానికి ముచ్చటపడి ఆంజనేయులు గారు చూస్తూ కూర్చున్నారు.

బయట ధాన్యం బళ్లవాళ్లు కేకలేస్తున్నారు. దశరథరామయ్య లేచి నిలబడే ఒక చీటీ మీద ‘నమూనాకు పన్నెండు సీసాలు అందినవి’ అని ఆ కలంతోనే, ఆ సిరాతోనే గీకి, సంతకం పెట్టి, ఫ్యాను కింద నాలుగుసార్లు విసిరి చేతిలో పెట్టాడు. ఆంజనేయులు గారు దాన్ని జుబ్బా జేబులో వేసుకున్నారు.

మర్నాడు బాపట్ల వెళ్లారు, పాండురంగ పోరు పడలేక.

"ఎన్నాళ్లు బావగారూ ఆ కరక్కాయల కంపులో? అక్క ఉన్నప్పుడంటే వేరు" అన్నాడు పాండురంగ. అని నాలిక్కరుచుకున్నాడు.

"నిజమేలే" అన్నారు ఆంజనేయులు గారు.

పాండురంగ భార్య రమణి వీధిగది ఖాళీ చేయించి మంచం వేయించింది. మంచం పక్కన చిన్న బల్ల కూడా పెట్టించింది. "మీరు రాసుకుంటారు కదా అన్నయ్యగారూ, కిటికీ వైపే పెట్టమన్నాను" అంది. ఎవరూ అడక్కుండా తన కోసం ఒక బల్లని కిటికీ వైపు తిప్పిన ఆ పిల్ల మాట కాదనలేక ఆయన ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు. ఆ గదిలో ఏ లోటూ లేదు. సముద్రపు గాలి వస్తోంది. కిటికీలోంచి పెరటి దండెం కనపడుతోంది. దాని మీద బట్టలే ఉన్నాయి. ఆయన చాలాసేపు ఆ దండెం వంకే చూశారు.

మూడో రోజు మళ్లీ రేపల్లె. దారిలో వేమూరు స్టేషన్లో బండి ఆగినప్పుడు, పక్కన కూర్చున్న రైతు తువ్వాలులోంచి రెండు జామకాయలు తీసి, ఒకటి అడక్కుండానే ఆయన ఒళ్లో పెట్టాడు. మంచి శకునం అనుకున్నారు ఆంజనేయులు గారు. శకునాలు నమ్మే మనిషి కాదు, అయినా అనుకున్నారు.

యలమంద పుస్తకం తెరిచాడు.

పేజీ పాలిపోయే ఉంది. ఎవరో రాసి చెరిపేసినట్టు బూడిదరంగు నీడలు. దశరథరామయ్య కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. అదే ఆంజనేయులు గారికి ఎక్కువ కష్టమనిపించింది.

"ఏం చెయ్యమంటారు మేష్టారూ?"

"అన్నమాట ప్రకారం తీసుకుపోతానండి."

"కాఫీ తాగి వెళ్లండి."

కాఫీ వచ్చింది. తాగారు. రుచి తెలియలేదు. ఆయన లేవబోతే యలమంద పెట్టె అందుకుని, సీసాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యన పాత కాగితాలు కుక్కి, పురికొసతో కట్టి, రిక్షా దాకా తనే మోశాడు. "నిదానంగా పోనియ్, గాజుసామాను" అని రిక్షావాడికి చెప్పాడు. నల్లబడని సిరా ఒలికితే ఎంత, ఒలక్కపోతే ఎంత? అయినా చెప్పాడు. బండి భట్టిప్రోలు దాటేదాకా ఆంజనేయులు గారు ఆ మాటే తలుచుకున్నారు.

మర్నాడు పొద్దున షెడ్డుకి వచ్చి, పెట్టెని గుమ్మం పక్కన దించారు. నాగమ్మ పెట్టె వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది, తొట్టిలో నీళ్లు పోసుకుంది. ఆయన దండెం దగ్గర నిలబడ్డారు. రేపల్లె తీసుకెళ్లిన జాడీ తాలూకు ముక్క అక్కడే ఉంది. ‘క్షేమం’ నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఒకే జాడీ సిరా. ఇక్కడ నల్లబడింది. అక్కడ ఎందుకు నల్లబడలేదు? కాగితం తేడానా? రేపల్లె తేమగాలా? కాలేజీలో ఏళ్ల తరబడి కుర్రాళ్లకి పాఠం చెప్పిన రసాయనశాస్త్రమంతా తిరగేశారు. ఏమీ అంతుపట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. సీసాలు వెనక్కి తెచ్చుకున్నప్పుడు, సీసాలు అందినవన్న చీటీ తన దగ్గర ఉండకూడదు. పోస్టులో తిప్పి పంపాలి. తగిలించి ఉన్న జుబ్బా జేబులోంచి చీటీ తీసి మడత విప్పారు.

‘నమూనాకు పన్నెండు సీసాలు అందినవి.’ అక్షరాలు కాటుకతో దిద్దినట్టున్నాయి. కింద దశరథరామయ్య సంతకం, తోకతో సహా, నల్లత్రాచులా పడుకుని ఉంది.

ఆయన ఆ చీటీ పట్టుకెళ్లి దండెం మీది ముక్క పక్కన పెట్టి చూశారు.

"ఏంటయ్యగారూ?" అంటూ సారా చేతిలో జిగురు గిన్నెతోనే వచ్చింది.

"అదే సిరా సారా. అదే కలం, అదే రోజు. ఇది నల్లబడింది. పుస్తకంలోది నల్లబడలేదు."

"ఆ పుస్తకంలో ఎట్టా రాశారండి?"

"ఎట్లా ఏముంది? ఇదుగో, ఇట్లా ఒక వరస రాసి…" అంటూ ఆయన యలమందలా కుడిచెయ్యి గాలిలో ఆడించారు. వెనకే ఎడంచెయ్యి దానంతట అదే దొర్లింది. దొర్లి, ఆగిపోయింది.

"అద్దారా?" అంది సారా.

ఆయన ఆగిపోయిన ఎడంచెయ్యి వంక చూసుకున్నారు.

"అద్దొద్దు కదండీ మరి! పాత చీటీల మీద బొమ్మ కింద ఒక వరస ఉండేది. నేనొకసారి ఆ వరస కనపడకుండా మడిచి అంటించానని అమ్మగారు కేకలేశారు. ‘బొమ్మ లేకపోయినా ఫర్లేదు సారా, ఇది ఉండాలి. అద్దవద్దు అని ఉందిక్కడ’ అని నా వేలు పట్టుకుని చూపించారు. నాకు చదువు రాదు గాని ఆ వరస మటుకు తెలుసు. కొత్త చీటీల్లో లేదేందా అనుకున్నా. రంగు కలుపుతున్నారుగా, అక్కర్లేదేమో అనుకున్నా."

కొత్త చీటీలు వేయించింది ఆయనే. వసుంధర పోయిన ఏడాదే. పెద్ద కంపెనీల చీటీల మీద బొమ్మ పెద్దదిగా ఉంటుందని, కలువపువ్వుని పెద్దది చేయించారు. చోటు చాలలేదు. ప్రెస్సులో కంపోజిటరు ఏదో ఒక వరస తీసెయ్యాలన్నాడు. అడుగు వరస తీసెయ్యమన్నారు ఈయన. ‘రాసి ఆరనివ్వండి. అద్దవద్దు.’ అప్పట్లో నీలిరంగు ఉంది. అద్దినా కనిపించేది. రంగు పోయాక ఆ వరస తిరిగి వెయ్యాలని తట్టనేలేదు. తట్టేదెట్లా? ఈ షెడ్డులో ఎవరూ అద్దరు. ఇక్కడ రాసినదల్లా దండెం మీదకి పోతుంది. యలమంద అద్దుతుంటే, తన సిరా ఆ చెక్కలోకి పోతుంటే, ముచ్చటపడి చూస్తూ కూర్చున్నది తనే.

"మూడేళ్లయింది సారా" అన్నారు ఆయన చివరికి.

"అవునండి" అంది సారా. ఆయన దేని గురించి అన్నారో అడగలేదు. జిగురు గిన్నె పట్టుకుని తన చోటికి వెళ్లి కూర్చుంది.

మధ్యాహ్నం బండికే ఆయన మళ్లీ రేపల్లె వెళ్లారు. సీసాలు తీసుకెళ్లలేదు. చీటీ ఒక్కటే బల్ల మీద పెట్టారు.

దశరథరామయ్య పొడుం పీల్చడం మధ్యలోనే ఆపాడు. "ఇది నా సంతకమే."

"మీరు అద్దలేదు. విసిరారు. తప్పు నాదండి, అద్దొద్దని చెప్పడం మరిచాను."

సెక్రటరీ ఆ చీటీ మీద తడివేలు పెట్టి గట్టిగా రుద్దాడు. కాగితం పీచు లేచింది గాని అక్షరం కదల్లేదు. పుస్తకం తెప్పించి పక్కన పెట్టి చూశాడు. "యలమందా, ఇలా రా. నీ చెక్క తాగేసిందిరా సిరా అంతా!"

యలమంద వచ్చి చూసి తల గోక్కున్నాడు. "అద్దకుండా నేనెట్లా రాస్తానండీ? పై వరస ఆరేదాకా మోచెయ్యి ఎక్కడ పెట్టుకోమంటారు, నెత్తిమీదా?"

అందరూ నవ్వారు. కాని ఆ నవ్వులో ఆంజనేయులు గారికి సంగతి అర్థమైంది. ముప్పై ఏళ్ల చెయ్యి ఒక సీసా కోసం మారదు. మారమనడం న్యాయమూ కాదు.

దశరథరామయ్య మధ్యలో ఆపిన పొడుం పీల్చి, తుమ్మాడు. "చూడండి మేష్టారూ. రోజువారీ రాతకోతలకి మీ సిరా మాకు పనికిరాదు. పెద్ద కంపెనీ సిరానే తెప్పిస్తాను, ఏమీ అనుకోకండి. పోతే బాండ్లూ దస్తావేజులూ ఉన్నాయి. వాటిమీద మనుషులు ఒక్కో సంతకం పెడతారు, నిదానంగానే పెడతారు. మొన్న వానకి పాత బాండ్లు తడిస్తే సగం సంతకాలు కొట్టుకుపోయాయి, తల పట్టుకున్నాం. వాటికి మీదే వాడతాం. అన్ని శాఖలకీ కలిపి మీరనుకున్నదాంట్లో మూడో వంతు ఉంటుందేమో. సరిపోతుందా?"

సరిపోదు. ఆ సంగతి ఆయనకి తెలుసు.

"సరిపెట్టుకుంటానండి" అన్నారు.

తిరుగుబండిలో ఆయన లెక్క ఒకటే. మూడో వంతు పనికి ఒక మనిషి చాలు. ఎవర్ని మానమనాలి? నాగమ్మకి వెనకా ముందూ ఎవరూ లేరు. సారాకి ఇద్దరు పిల్లలు. చిన్న షెడ్డు పెట్టినవాడికి వచ్చే కష్టం ఇదే. పెద్ద కంపెనీలో మనుషుల్ని తీసేసేది ఒక కాగితం. ఇక్కడ మొహం చూసి చెప్పాలి.

మర్నాడు చెప్పడం మొదలెట్టారు. సగంలో ఉండగానే నాగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నిన్న మీరు రేపల్లె పోయినప్పుడే అనుకున్నాం బాబూ, నేనూ ఈ పిల్లా, పని తగ్గితే ఏం చెయ్యాలా అని. సగం సగం చేసుకుంటాం. ఇది మధ్యాన్నాల నుంచి పొలం పనికి పోద్ది, నేను హోటలోళ్ల దగ్గర గిన్నెలు తోముతా."

"అయితే ఒకరు పొద్దున, ఒకరు…"

"ఇద్దరం పొద్దున్నే వస్తాం. ఒక్కళ్లే కూర్చుంటే సీసాతో మాట్లాడాలా ఏంటి?"

ఆ మాట ఆవిడ తమ గురించే అంది. ఆయన మాత్రం గోడవైపు తిరిగి, జాడీల మూతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నారు.

ఆ పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లి, పువ్వుని చిన్నది చేసి అడుగు వరస మళ్లీ వెయ్యమని చెప్పొచ్చారు. "ఇంత చిన్న పువ్వేంటండీ, మల్లెమొగ్గలా" అన్నాడు కంపోజిటరు. "చాలు" అన్నారు ఆయన.

తిరిగొచ్చి పాండురంగకి ఉత్తరం రాశారు. బల్ల కిటికీ వైపు పెట్టించినందుకు రమణికి ఆశీస్సులు చెప్పమని రాశారు. తాను రావడంలేదని, కోపం తెచ్చుకోవద్దని, షెడ్డు పూర్తిగా నిలబడలేదు గాని పూర్తిగా పడిపోనూ లేదని రాశారు. ‘ఇక్కడ నేను క్షేమం’ అని ముగించారు. అక్షరాలు కనీ కనపడనట్టున్నాయి. కవరులో పెట్టకుండా బల్ల మీదే పరిచి, ఎగిరిపోకుండా మూలన ఖాళీ సీసా పెట్టారు.

పన్నెండయ్యేసరికి సారా వెళ్లిపోయింది. నాగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, బల్ల మీద కాగితం చూసింది.

"అటే పోతున్నాగా, పోస్టులో వేసి పోనా బాబూ?"

"ఇప్పుడు కాదు నాగమ్మా. ఎల్లుండి."

"ఇయ్యాల రాసిన ఉత్తరం ఎల్లుండి దాకా ఎందుకూ?"

"ఆరాలి" అన్నారు ఆంజనేయులు గారు.

ఆవిడ సరేనని తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. ఇక సాయంత్రం దాకా షెడ్డులో ఎవరూ రారు. ఆయన ఒక కాగితం ముక్క చింపి, ఆ రోజు జాడీలోంచి పాళీ ముంచి, క్ష దగ్గర కొంచెం ఆగి, రాసి, దండెం మీద తగిలించారు.